రంజాన్‌లో రెండు గంటలు తగ్గేది రోజా ఉన్నవాళ్లకేనా? గల్ఫ్‌లో ఉన్నవాళ్లు చెప్పండి

జగిత్యాల_పోరడు

షార్జాలో సజ్జా వైపు ఒక కంపెనీలో స్టీల్ ఫిక్సర్‌గా చేస్తున్నాను. ఇక్కడ నాకు ఇదే మొదటి రంజాన్. వచ్చే వారం మొదలవుతుందంటున్నారు. నిన్న సైట్‌లో ఫోర్‌మన్ అందరినీ నిలబెట్టి చెప్పాడు: "రోజా ఉండేవాళ్లు పేర్లు రాయించండి, వాళ్లను రెండు గంటలు ముందు వదులుతాం. మిగతావాళ్లకు ఎప్పటి టైమే." మా రూమ్‌లో ముగ్గురు ముస్లింలు ఉన్నారు, ఒకాయన నిజామాబాద్, ఇద్దరు బిహార్. మిగతావాళ్లం హిందువులం. ఒకడేమో "మనం కూడా పేరు రాయిద్దాం, ఎవరు చూడొచ్చారు" అంటున్నాడు. నాకు ఆ అబద్ధం ఇష్టం లేదు. కానీ అదే ఎండలో అదే పని చేసి మేం మాత్రం రెండు గంటలు ఎక్కువ ఉండాలంటే మనసొప్పడం లేదు. రూల్ ఏంటి?

ఇంకో రెండు సంగతులు. సైట్‌లో నీళ్లు తాగొచ్చా? మసీదు దగ్గర టెంట్‌లో ఇఫ్తార్ పెడతారంట, మాలాంటోళ్లు పోవచ్చా? నిజామాబాద్ అన్నను అడగొచ్చు గానీ, ఆయన ఏమనుకుంటాడో అని ఆగాను.

అబుదాబి_సేఫ్టీ

మీ ఫోర్‌మన్ చెప్పింది తప్పు. యూఏఈలో ప్రైవేటు కంపెనీల్లో రంజాన్ నెలంతా రోజుకు రెండు గంటలు తగ్గించాలి. రోజా ఉన్నా లేకపోయినా, ఏ మతమైనా అంతే. 8 గంటల పని 6 అవుతుంది. పని ఆగకూడదు అనుకుంటే ఆ పైన చేయించుకున్నది ఓవర్‌టైమ్ కింద లెక్క కట్టాలి, మామూలు గంట రేటు మీద 25 శాతం కలిపి. రాత్రి 10 నుంచి తెల్లవారి 4 లోపు అయితే 50 శాతం. అబద్ధం చెప్పి పేరు రాయించాల్సిన అవసరమే లేదు తమ్ముడూ. కార్మిక శాఖ ఏటా రంజాన్ ముందు దీని మీద ప్రకటన ఇస్తుంది, ఫోన్‌లో తీసి పెట్టుకో. ఫోర్‌మన్‌తో గొడవ వద్దు, నేరుగా హెచ్‌ఆర్‌కు చూపించు. అప్పటికీ వినకపోతే 80084కి ఫోన్ చెయ్యి, అది కార్మికుల ఫిర్యాదుల నంబర్.

మస్కట్_మామ

ఇది చదివి ఒమన్‌లో ఉన్నవాళ్లు ఎవరూ హెచ్‌ఆర్ మీదికి వెళ్లకండి. ఇక్కడ చట్టంలో ముస్లిం ఉద్యోగులకే అని ఉంది. రోజుకు 6 గంటలు, వారానికి 30. మిగతావాళ్లకు తగ్గించాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. మా దగ్గర అందరికీ తగ్గిస్తారు, పక్క కంపెనీలో తగ్గించరు.

దమ్మామ్_క్రేన్

సౌదీలోనూ అంతే మామా. ముస్లింలకు రోజుకు 6, వారానికి 36.

దోహా_వెల్డర్

ఖతార్‌లో వారానికి 36 గంటలు, చట్టంలో మతం మాట లేదు.

రాయచోటి_షోన్

కువైట్‌లోనూ 36 గంటలే. 2010 నాటి కార్మిక చట్టం 64వ ఆర్టికల్. అది మాలాంటి షోన్ వీసా, అంటే కంపెనీ వీసా వాళ్లకు. ఖాదిం వీసాలో ఇళ్లల్లో చేసేవాళ్లు ఆ చట్టం కిందికి రారు. మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఎక్కువ మంది ఆ వీసా మీదే ఉన్నారు.

నీళ్ల సంగతి. తాగు, తప్పకుండా తాగు. పక్కకు వెళ్లి తాగు, అంతే. రోడ్డు మీద, అందరి ముందు వద్దు. కువైట్‌లో అయితే దీనికి 1968 నుంచి చట్టమే ఉంది. పగలు బహిరంగంగా తిన్నా తాగినా 100 దీనార్ల వరకు జరిమానా, నెల వరకు జైలు, లేదా రెండూ. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లోడికీ నేను మొదట చెప్పేది ఇదే. సిగరెట్టు కూడా అందులోకే వస్తుంది.

కరీంనగర్_దుబాయ్

దుబాయ్‌లో ఇప్పుడు అంత పట్టింపు కనిపించదు. 2021 నుంచి హోటళ్లు పగలు తెర కట్టాల్సిన పని కూడా లేదు. షార్జాలో మాత్రం పగలు వండి వడ్డించాలంటే హోటల్‌వాళ్లు మున్సిపాలిటీ పర్మిట్ తీసుకోవాలి. చట్టం ఎట్లున్నా, రోజా ఉన్న మనిషి ఎదుట బాటిల్ ఎత్తి గటగటా తాగడం నాకైతే చేతకాదు. మా సైట్‌లో ఒక కంటైనర్ వెనుక నీళ్ల డబ్బా పెట్టుకుంటాం, అక్కడికి పోయి తాగి వస్తాం. రోజా ఉన్న పఠాన్ అన్నే ఆ డబ్బా నింపి పెడతాడు. మనం అడగకముందే.

టెంట్‌కు పో. నేను ఏటా పోతున్నాను, ఇంతవరకు "నువ్వెవరు" అని అడిగినోళ్లు లేరు.

సొంత_కష్టం

అందరూ పో పో అంటున్నారు, నాకు నచ్చదు. మనం వచ్చింది పనికి. ఎవరి పండగ వాళ్లది, గౌరవిద్దాం, దూరంగా ఉందాం. పగలంతా ఆకలితో ఉన్నవాళ్ల కోసం పెట్టిన అన్నం మనం కడుపు నిండా తిని ఉండి పోయి తినడం ఏం మర్యాద? రూమ్‌లో పప్పు, అన్నం వండుకోలేమా?

కరీంనగర్_దుబాయ్

సొంత_కష్టం అన్నా, నేను వచ్చిన కొత్తలో నా జీతం 900 దిర్హాములు. మెస్‌కే సగం దగ్గర పడేది. ఆ నెలరోజులు రాత్రి భోజనం ఖర్చు తప్పడం ఎంత పెద్ద సంగతో లేబర్ క్యాంపులో ఉన్నవాళ్లకు తెలుసు. అదొక్కటే కాదు. మిగతా పదకొండు నెలలు డ్యూటీ, బస్సు, బంకర్ బెడ్ తప్ప నన్ను పేరు పెట్టి కూర్చోమన్నవాళ్లు ఎవరూ లేరు.

బార్కస్_భాయ్

ఇద్దరికీ నా జవాబు. రోజా ఉన్నవాళ్లకు ఇఫ్తార్ పెడితే పుణ్యం అని మాకు చిన్నప్పటి నుంచి చెబుతారు. కానీ ఆకలి అని వచ్చి కూర్చున్నవాడిని నీది ఏ మతం అని అడగమని ఎవరూ చెప్పలేదు. దస్తర్‌ఖాన్, అంటే భోజనాల గుడ్డ, పరిచాక కూర్చున్నవాళ్లంతా మెహమాన్లే. సొంత_కష్టం భాయ్ మాటలో ఒక నిజం మాత్రం ఉంది. టెంట్‌కు పోయి నాలుగు ప్యాకెట్లు సంచిలో వేసుకుని పోయేవాళ్లున్నారు, అందులో రోజా ఉన్నవాళ్లూ ఉన్నారు. లైన్ చివర నిలబడ్డవాడికి దొరకదు. ఒక మనిషి, ఒక ప్యాకెట్. అజాన్ అయ్యేదాకా చేయి పెట్టొద్దు. ఆ రెండూ పాటిస్తే నీకంటే మంచి అతిథి లేడు, పోరగా.

నిజామాబాద్ అన్నను అడుగు. ఏమీ అనుకోడు. నువ్వు అడగలేదనే అనుకుంటాడు.

లెస్టర్_నర్సు

మీరంతా టెంట్లు, తగ్గిన గంటల గురించి మాట్లాడుతుంటే చదవడానికి బాగుంది. నాది గుంటూరు. ఇంగ్లండ్‌లో నర్సుగా చేస్తున్నాను. ఇక్కడ ఒక్క నిమిషం కూడా తగ్గదు. 12 గంటల షిఫ్ట్ అంటే 12 గంటలే. 2016లో రంజాన్ జూన్‌లో వచ్చింది. తెల్లవారి 3 గంటల లోపే సహరీ, అంటే రోజాకు ముందు తినే భోజనం, ముగించాలి, రాత్రి 9:30 దాటితే గానీ ఇఫ్తార్ లేదు. ఆ మధ్యలో వార్డులో మందులు, డ్రిప్పులు, పేషెంట్లను తిప్పి పడుకోబెట్టడాలు. కోటు జేబులో ఖర్జూరాలు పెట్టుకుని, టైం అయ్యాక స్టోర్ రూమ్‌లో నిలబడి రోజా విడిచేదాన్ని. నాతో పనిచేసే కేరళ అమ్మాయి, క్రిస్టియన్, ఆ టైంకి వచ్చి నా పేషెంట్లను పది నిమిషాలు తను చూసుకునేది. ఆ నెలంతా తన బ్రేక్ నా టైంకి మార్చుకుంది.

ఇప్పుడు రంజాన్ చలికాలం వైపు జరిగింది కాబట్టి సులువు. ఏటా పది, పదకొండు రోజులు ముందుకు వస్తుంది కదా. ఆకలి కాదు నన్ను బాధపెట్టేది. బయట ఎక్కడా అజాన్ వినపడదు. ఫోన్‌లో పెట్టుకుంటాను. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని అరటిపండు కోసుకుంటుంటే, మా వీధి మసీదు నుంచి గంజి క్యాన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చే తమ్ముడు గుర్తొస్తాడు.

నెల్లూరు_కేఎల్

అక్కా, గంజి అన్నారు కాబట్టి చెబుతున్నాను. మలేషియాలో కౌలాలంపూర్‌లో కంపుంగ్ బారు అనే చోట మసీదులో ప్రతి రంజాన్‌కూ పెద్ద పెద్ద డేగిశాల్లో బుబుర్ లంబుక్ అని వండుతారు. బియ్యం, మాంసం, కొబ్బరి పాలు, మసాలా దినుసులు వేసి చేసే జావ. సాయంత్రం ప్రార్థన కాగానే పంచుతారు, అన్ని మతాల వాళ్లూ లైన్‌లో ఉంటారు. మొదటిసారి తిన్నప్పుడు మా నెల్లూరు మసీదు గంజే అనిపించింది. కొబ్బరి కొంచెం ఎక్కువ, అంతే. ఇక సాయంత్రం నాలుగు నుంచి వీధి వీధినా రంజాన్ బజార్లు. ఆఫీసులో చైనీస్ వాళ్లు, తమిళులు అందరూ అక్కడే కొనుక్కుని ఇంటికి పోతారు. మా మేనేజర్ హిందువు. రోజా ఉన్నవాళ్లకు మధ్యాహ్నం మీటింగులు పెట్టడు, పొద్దున్నే ముగించేస్తాడు.

ఫర్వానియా_బాబాయ్

తిండి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. కువైట్‌వాళ్ల హరీస్ తిన్నవాళ్లు ఎంతమంది? నేను వచ్చిన కొత్తలో మన హలీం అనుకుని ఆశగా గిన్నె నిండా పెట్టించుకున్నాను. గోధుమ, మాంసం, ఉప్పు, పైన నెయ్యి. ఇంకేమీ లేదు!

బార్కస్_భాయ్

బాబాయ్, తొందరపడొద్దు. హలీంకు ఆ హరీసే పెద్దన్న. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చినవాళ్ల వంశాలు హైదరాబాద్‌లోని మా బార్కస్‌లో ఉన్నాయి. బార్కస్‌లో ఇప్పటికీ హరీస్ దొరుకుతుంది, చక్కెరతో తినేవాళ్లు వేరే, కారంగా తినేవాళ్లు వేరే. పప్పులు, మసాలాలు, వేయించిన ఉల్లిపాయ చేరి హైదరాబాద్‌లో హలీం అయింది. 2010లో హలీంకు జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. హరీస్‌ను వేడిగా, పైన దాల్చిన చెక్క పొడి, చక్కెర చల్లుకుని తినండి. గోధుమ రుచి తెలుస్తుంది.

ఫర్వానియా_బాబాయ్

చక్కెర వేసుకున్నా, దాల్చిన చెక్క వేసుకున్నా నా ఓటు హలీంకే. లుగైమాత్ అనే తీపి ఉండలు మాత్రం ఎన్ని పెట్టినా కాదనను.

రాజోలు_అక్క

హరీస్ గురించి మీరు మాట్లాడుకుంటున్నారు, దాన్ని వండేది మేము. రాయచోటి_షోన్ తమ్ముడు మా మాట ఎత్తాడు కాబట్టి రాస్తున్నాను. నేను కువైట్‌లో ఇంటిపని చేస్తాను. క్రిస్టియన్‌ని. మాకు రంజాన్‌లో గంటలు తగ్గవు, పెరుగుతాయి.

ముందు రోజు రాత్రే హరీస్‌కి గోధుమలు నానెయ్యాలి. మధ్యాహ్నం నుంచి పొయ్యి మీదే. సంబోసాలు మడత పెట్టడం, లుగైమాత్ పిండి కలపడం, పులుసులో నానబెట్టే తష్రీబ్‌కి రొట్టె తుంచడం, విమ్టో షర్బత్ కలిపి ఫ్రిజ్‌లో పెట్టడం. ఇఫ్తార్ టైం అయిందని నాయిఫ్ ప్యాలెస్ దగ్గర ఫిరంగి పేలడం టీవీలో చూపిస్తారు, అప్పటికి బల్ల మీద అన్నీ ఉండాలి. వాళ్లు తిని లేచాక ఆ గిన్నెలు. తర్వాత దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చునే హాల్లో, వాళ్లకు టీ, గహ్వా (అరబ్బు కాఫీ). రాత్రి 11 దాటాక గబ్గా అని చుట్టాలొస్తారు, మళ్లీ వంట. తర్వాత సహూర్, అదే సహరీ. నేను పడుకునేసరికి తెల్లవారుతుంది. పిల్లలు పొద్దున్నే లేస్తారు, వాళ్లతో నేనూ లేవాలి. చివరి పది రోజులకు కాళ్లు వాచిపోతాయి.

అలాగని ఆ ఇంట్లో ప్రేమ లేదని చెప్పలేను. ముసలామె, మామా (ఇంటి యజమానురాలు) వాళ్లమ్మ, ఫిరంగి పేలగానే మొదటి ఖర్జూరం నా చేతిలో పెట్టేది. నేను రోజా లేనని ఆమెకు తెలుసు. నెల మధ్యలో గెర్గీఆన్ వస్తుంది, చిన్నపిల్లలు పాటలు పాడుకుంటూ ఇంటింటికీ వెళ్లి బాదం, పిస్తా, చాక్లెట్లు సంచుల్లో నింపుకుంటారు. ఆ సంచులు నేనే కడతాను, మా పిల్లలకు పంపమని ఒక పెద్ద సంచి నాకు ఇస్తారు. పండగకు కొత్త గౌను, డబ్బులు ఇస్తారు. ఇవన్నీ నిజమే. నిద్ర లేదన్నదీ నిజమే.

మధురవాడ_రాణి

అలాంటి ఇల్లు వదిలెయ్యాలక్కా. మనిషికి నిద్ర ఇవ్వని ఇల్లు మంచి ఇల్లు ఎలా అవుతుంది?

రాజోలు_అక్క

వదిలేసి ఎక్కడికి పోనమ్మా? రెండో ఇంట్లో రంజాన్ రాదా? జీతం టైంకి ఇస్తున్నారు, ఫోన్ నా దగ్గరే ఉంది. వీటి విలువ తెలిసినదాన్ని.

రాయచోటి_షోన్

రాణి గారూ, ఆకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, చేతులు మారడం మాట అన్నంత సులువు కాదు. అక్కా, మీ కోసం వేరే చట్టం ఉంది, 2015 నాటి 68వ నంబర్. ఇంటిపనివాళ్ల చేత రోజుకు 12 గంటలకు మించి చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఉండాలి, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. రంజాన్‌లో ఇది వర్తించదని ఎక్కడా లేదు. చట్టం పేరు ఎత్తి అడిగితే ఇంట్లో వాతావరణం చెడుతుందేమోనన్న భయం నాకు తెలుసు. అందుకే నెల మొదలవక ముందే అడగండి. "రాత్రి పని నేనే చేస్తాను, పొద్దున పిల్లలను ఎవరైనా చూస్తే నేను 11 దాకా పడుకుంటాను" అని మీరే ఒక దారి చూపించండి. నెల సగంలో, అలసిపోయి, కోపంలో అడిగితే పని జరగదు. మా అమ్మ ఇక్కడ ఏళ్లపాటు చేసింది, ఆమె ఇలాగే సాధించుకునేది.

మా అమ్మ ఒక్కపొద్దు ఉండి ఆ పనంతా చేసేది. ఊళ్లో ఉన్న మాకు తెలిసింది కాదు. ఫోన్‌లో "ఏం తిన్నావు" అంటే "అన్నీ ఉన్నాయిలే" అనేది.

సొంత_కష్టం

రాజోలు అక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీలాంటి వాళ్లు గిన్నెలు కడగకుండా ఏ ఇఫ్తారూ జరగదు, ఈ మాట ఇక్కడ ముందే ఎవరో ఒకరు అనాల్సింది.

మదీనా_డ్రైవర్

కర్నూలు వాడిని, మదీనాలో బస్సు నడుపుతాను. ఇక్కడ ఇఫ్తార్‌కు మనం పోనక్కర్లేదు, వాళ్లే వచ్చి లాక్కుపోతారు. మస్జిదె నబవీ దగ్గర సాయంత్రం నడుస్తుంటే చిన్న పిల్లలు చొక్కా పట్టుకుని "మా సుఫ్రాకి (భోజనాల గుడ్డ దగ్గరికి) రండి" అని బతిమాలతారు. ఖర్జూరం, పెరుగు, దాని మీద దుగ్గా అనే మసాలా పొడి, షురైక్ రొట్టె, గహ్వా. అంతే ఉంటుంది. అజాన్ అయిన కొద్ది నిమిషాల్లో తిని, ఎత్తేసి, నమాజుకు వరుసలు కట్టేస్తారు. ఏళ్లుగా ఒక్కో కుటుంబం ఒక్కో చోట పరుస్తుంది. మన ఇంటికి రాలేదని అలిగే చుట్టాల్లాగా, పక్క సుఫ్రాకి పోతే ఆ పిల్లల మొహాలు చిన్నబోతాయి.

డ్రైవర్ తమ్ముళ్లందరికీ ఒక మాట. మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) ముందు అరగంట రోడ్డు మీద చాలా జాగ్రత్త. అందరూ ఇంటికి చేరే తొందరలో ఉంటారు, కడుపు ఖాళీ, కళ్లు మూతలు పడుతుంటాయి. సిగ్నళ్ల దగ్గర కుర్రాళ్లు ఖర్జూరం, నీళ్ల ప్యాకెట్ ఇస్తారు. తీసుకుని, అక్కడే రోజా విడిచి, నిదానంగా పోండి.

మంగాఫ్_టైలర్

టైలర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. పండగకు దిష్‌దాషాలు (అరబ్బుల పొడుగు చొక్కాలు) కుట్టించుకునేవాళ్లు చివరి వారం దాకా వస్తారు. మా షాపులో సహరీ టైం దాకా మిషన్లు ఆగవు. ఊరంతా పండగ బట్టలు కట్టాక మేం నిద్రపోతాం. పండగ నమాజుకు మాత్రం లేస్తాను, అది తప్పను.

కరీంనగర్_దుబాయ్

పండగ అంటే గుర్తొచ్చింది, ఇంటికీ మనకూ ఒక రోజు తేడా. 2025లో మార్చి 30న ఇక్కడ పండగ, ఇండియాలో 31న. మా రూమ్‌లో ఉండే సిరిసిల్ల భాయ్ కొత్త బట్టలు కట్టి ఇంటికి వీడియో కాల్ చేస్తే, అక్కడ వాళ్లమ్మ ఇంకా రోజాలో ఉంది. ఆమె ఎదురుగా షీర్ ఖుర్మా తాగలేక గ్లాసు పక్కన పెట్టేశాడు.

రాయచోటి_షోన్

ఆ మార్చి 30నే ఉగాది కూడా కదా అన్నా! మా బిల్డింగ్‌లో ఆ రోజు మర్చిపోలేం. కింది ఫ్లోర్ కడపవాళ్లు వేపపువ్వు దొరకక ఎవరో ఊరి నుంచి తెచ్చిన ఎండు పువ్వు వేసి పచ్చడి చేశారు. మేం పండగ నమాజు చదివి వచ్చేసరికి గుమ్మం దగ్గర గిన్నె పట్టుకుని ఉన్నారు. మేం షీర్ ఖుర్మా పంపాం. కడపలో ఉగాదికి మా ముస్లింలు దేవుని కడప గుడికి వెళ్లడం ఉంది కాబట్టి మాకు ఇందులో కొత్త ఏమీ లేదు. పక్క ఫ్లాట్ ఈజిప్టు ఆయన మాత్రం పచ్చడి నోట్లో పెట్టుకుని ఇది మందా అని అడిగాడు.

జగిత్యాల_పోరడు

అందరికీ జవాబు ఇవ్వడం ఆలస్యమైంది, రంజాన్ మొదలై వారం అవుతోంది. అబుదాబి అన్న చెప్పినట్టు ప్రకటన తీసి హెచ్‌ఆర్ మేడంకు చూపించాను. నిజామాబాద్ అన్న కూడా నాతో వచ్చాడు. "రోజా మేమున్నా పని అందరం చేస్తున్నాం, తగ్గిస్తే అందరికీ తగ్గించండి" అని నాకంటే ముందు ఆయనే మాట్లాడాడు. ఇప్పుడు అందరికీ 6 గంటలే. ఫోర్‌మన్ మొహం మాడ్చుకుని ఉన్నాడు గానీ ఏమీ అనట్లేదు.

టెంట్‌కు కూడా పోతున్నాను. బార్కస్ భాయ్ చెప్పిన రెండూ పాటిస్తున్నాను. పొద్దున రూమ్‌లో సహరీకి అందరికీ కలిపి నేనే రొట్టెలు చేస్తున్నాను, నాకు ఎలాగూ మెలకువ వస్తుంది.

ఒకటే మిగిలింది. పని 1 గంటకే అయిపోతోంది, కానీ క్యాంపుకు బస్సు పాత టైంకి, 3 గంటలకే వస్తోంది. ఆ రెండు గంటలు సైట్ గేటు దగ్గర ఎండలో కూర్చుంటున్నాం. రోజా ఉన్నవాళ్లకు అదే ఎక్కువ కష్టంగా ఉంది.

అబుదాబి_సేఫ్టీ

ఇది చాలా చోట్ల జరిగేదే. గంటలు తగ్గిస్తారు, బస్సు మర్చిపోతారు. ఒక్కడివే అడగకు. ఆ బస్సులో వచ్చేవాళ్లందరి సంతకాలతో ఒక కాగితం రాసి, బస్సు ఎన్నింటికి వచ్చిందో రోజూ టైం రాసిపెట్టి, ఇవ్వండి. అంతవరకు కనీసం నీడ, కూర్చునే చోటు అడగండి, అది ఈ రోజే ఇవ్వగలిగింది.

రాజోలు_అక్క

రాయచోటి తమ్ముడూ, నేనూ నెల మొదలవక ముందే అడిగాను. మామా ఒప్పుకోలేదు. ముసలామె విని, పిల్లలను పొద్దున తన గదిలో కూర్చోబెట్టుకుంటోంది. 10 దాకా పడుకుంటున్నాను. వారం సెలవు సంగతి పండగ అయ్యాక అడుగుతాను.

రాయచోటి_షోన్

అడగండి అక్కా. సెలవు దొరికిన రోజు కువైట్ సిటీలో మాలియాకు రండి, మా ఆవిడను కూడా తీసుకొస్తాను.